ధర్నా అయిపోయింది సరే, ఇప్పుడు ఫైలు కదిలేదెట్లా?

గల్లీలో వాన నీటి కాలువ కావాలని హైదరాబాద్ ఇందిరా పార్కు దగ్గర ధర్నా చేశారు, ఫొటోలు పేపర్లో పడ్డాయి, లీడర్ వచ్చి "నేను చూసుకుంటా" అన్నాడు. వానలు మొదలవగానే గల్లీలో మళ్లీ మోకాలి లోతు నీళ్లు. ధర్నాలు దండగని నేననను, రోడ్డెక్కకపోతే ఈ ఊళ్లో మనల్ని పట్టించుకునే నాథుడు లేడు. కానీ ఆ ధర్నా చౌక్ సంగతే చూడండి. 2017లో దాన్ని అక్కణ్ణుంచి ఎత్తేయాలని ప్రభుత్వం చూస్తే జనం కొట్లాడారు, మరోపక్క కోర్టులో పిటిషన్ వేశారు, 2018లో హైకోర్టు ఆదేశం వచ్చాకే అక్కడ మళ్లీ టెంట్లు లేచాయి. మనవాళ్లు నినాదం దగ్గర హుషారుగా ఉండి కాగితం దగ్గర చల్లబడతారు, అదే తంటా.

ముందు ఆ పని ఎవరిదో తేల్చుకోండి. వాన నీటి కాలువ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీది, డ్రైనేజీ లైను వాటర్ బోర్డుది. ఎండాకాలంలో కూడా మ్యాన్‌హోల్ పొంగుతోందంటే వాటర్ బోర్డు దగ్గరికి వెళ్లాలి. ఇది తెలియకపోతే వాళ్లు వీళ్ల మీద, వీళ్లు వాళ్ల మీద తోసేస్తూ ఏడాది గడిపేస్తారు.

వినతిపత్రంలో ఒక్కటే అడగండి. పద్నాలుగు డిమాండ్ల కాగితం ఎవరూ చదవరు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలై ఏ గుడి దాకా, సుమారు ఎన్ని మీటర్లు కాలువ కావాలో రాసి, రెండు కాపీలు పట్టుకెళ్లి, రెండోదాని మీద స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని మరీ బయటికి రండి.

నెల చూసి ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) వేయండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ఎందుకు చేయలేదు?" అని మాత్రం అడక్కండి, చట్టప్రకారం వాళ్లు ఇవ్వాల్సింది ఉన్న రికార్డే గానీ సంజాయిషీ కాదు. "ఫలానా వీధి కాలువ పని ఎస్టిమేట్, మంజూరు ఉత్తర్వు, టెండర్ అగ్రిమెంట్, ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు ఇవ్వగలరు" అని రాయండి. జవాబు రాకపోతే, గడువు దాటిన 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఎస్టిమేటే వేయలేదని జవాబొస్తే, అదీ మంచిదే, ఎవరి టేబుల్ దగ్గర కూర్చోవాలో తెలిసింది కదా: ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గర.

ఇక కార్పొరేటర్. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో నగరంలో సగం మంది కూడా ఓటేయలేదు, ఈ లెక్క మనకన్నా వాళ్లకే బాగా తెలుసు. అందుకే ఖాళీ చేతులతో వెళ్లకండి. అపార్టుమెంట్లలో కొత్తవాళ్లతో ఫారం 6, ఇల్లు మారినవాళ్లతో ఫారం 8 పెట్టించి, ఓటర్ల జాబితాలో పేర్లు ఎక్కాక వెళ్లి కూర్చోండి, టీ కూడా వస్తుంది. వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్లు పైకెత్తే మూడొందల మంది కన్నా, సోమవారం సెలవు పెట్టి, అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వచ్చే ఇద్దరు నయం.

ఫైలు ఒకే టేబుల్ మీద పాతుకుపోయినప్పుడు మళ్లీ జెండా పట్టుకోండి, ఈసారి ఆ ఆఫీసు ముందే, చేతిలో ఆర్టీఐ జవాబుతో.

పని మొదలైందని ఇంటికెళ్లిపోకండి. జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, వాడే సామగ్రి శాంపిల్ తీసుకునే హక్కు కూడా ఆర్టీఐ చట్టమే ఇచ్చింది. కాంక్రీటు పోయకముందే టేపు తీసి లోతు కొలవండి, ఎస్టిమేట్‌లో ఉన్న అంకెతో సరిపోకపోతే బిల్లు పాసవకముందే ఫొటోతో సహా డీఈకి (డిప్యూటీ ఇంజనీరుకు) రాతపూర్వకంగా ఇవ్వండి.