బ్రిస్బేన్‌ను నది మీద నుంచి చూడండి

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో స్థిరపడిన మిత్రుల దగ్గరికి వెళ్లేవారు, వారు ఎంత ప్రేమగా కారులో తిప్పుతామన్నా, ఒక సాయంత్రం మాత్రం సిటీక్యాట్ అనే, నది మీద బస్సులా రేవు రేవుకూ ఆగుతూ పోయే పడవ ఎక్కించమని తప్పక అడగండి. బ్రిస్బేన్ నది నగరం నడుమ మెలికలు తిరుగుతూ పోతుంది కనుక రోడ్డు మీద విడివిడిగా కనిపించే చోట్లన్నీ పడవలో ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి. సూర్యాస్తమయానికి గంట ముందు సెయింట్ లూసియాలోని విశ్వవిద్యాలయం రేవులో ఎక్కి, ముందువైపు ఆరుబయట కూర్చోండి. 1988 ప్రపంచ ప్రదర్శన జరిగిన సౌత్ బ్యాంక్ దాటిన తరువాత కుడివైపు కంగారూ పాయింట్ రాతి అంచులు నిటారుగా లేస్తాయి. ఎడమవైపు నగర భవనాల అద్దాల మీద దీపాలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. ఆ పైన 1940లో ప్రారంభమైన స్టోరీ బ్రిడ్జి కింద నుంచి పడవ సాగేటప్పుడు తల ఎత్తి ఆ ఉక్కు దూలాలను చూడండి, నాకు ఆ ప్రయాణంలో అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే. 2024 ఆగస్టు నుంచి టికెట్టు ఎంత దూరానికైనా 50 సెంట్లే. ఎక్కేటప్పుడు యంత్రానికి తాకించిన కార్డునే దిగేటప్పుడు కూడా తాకించాలి. అక్టోబరు చివర్లో వెళితే న్యూ ఫార్మ్ పార్కు రేవులో దిగండి, అక్కడ జకరండా చెట్ల కింద నేలంతా ఊదారంగు పూలు పరుచుకుని ఉంటాయి.