“డైరెక్టర్!” అని కేక వినపడితే: బ్రిడ్జ్‌లో కొత్తవాళ్ల పొరపాట్లు, వాటి మందు

ఏడాదిన్నరగా సికింద్రాబాద్‌లో వారానికోసారి జరిగే బ్రిడ్జ్ పేకాట పెయిర్స్ (జంటల) పోటీకి వెళ్తున్నాను. నా పార్ట్‌నర్ రిటైరైన లెక్కల మాస్టారు. మా టేబుల్ దగ్గరికి డైరెక్టర్, అంటే పోటీలో రూల్స్ చూసే ఆయన, ఎన్నిసార్లు వచ్చారో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. ఎక్కువసార్లు తప్పు నాదే. ఇక్కడ చెప్పే రూల్స్ 2017 నాటి డూప్లికేట్ బ్రిడ్జ్ (అన్ని టేబుళ్లలో అవే పంపకాలు ఆడే పద్ధతి) చట్టాలవి. ఇంకో మాట: క్లబ్‌లో అందరూ హార్ట్స్, స్పేడ్స్ అనే అంటారు, నా తలలో మాత్రం నాయనమ్మ నేర్పిన ఆఠీను, ఇస్పేటే తిరుగుతాయి. అలాగే రాస్తాను.

సమస్య: డైరెక్టర్‌ని పిలవగానే చేతులు చల్లబడటం

కారణం మన పెంపకంలోనే ఉంది. పేకాట మధ్యలో బయటి మనిషి వచ్చాడంటే మనకి గుర్తొచ్చేది పోలీసులే. 1960ల చివర్లో సుప్రీంకోర్టు రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటేనని చెప్పింది కూడా సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులోనే. రమ్మీలో ఉండే అదృష్టం బ్రిడ్జ్ పంపకంలో ఉండే అదృష్టం లాంటిదేనని అందులో పోల్చారు కూడా. అయినా ఆ భయం మనల్ని వదల్లేదు.

బ్రిడ్జ్‌లో డైరెక్టర్‌ని పిలవడం ఎవరి మీదా ఫిర్యాదు కాదు. పొరపాటు జరిగిందని ఎవరైనా అన్నాక వెంటనే పిలవాలన్నది రూలు. పిలిచాక ఆయన వచ్చేదాకా ఎవరూ ఏమీ చేయకూడదు. నేను మునిగింది ఈ రెండో సగం దగ్గరే.

సమస్య: చిన్న బిడ్ చెప్పి, కంగారులో మార్చేయడం

ఆటకి ముందు వేలం ఉంటుంది: ఏ రంగు తురుపుగా, ఆరు పైన ఎన్ని ట్రిక్కులు (పట్లు) గెలుస్తామో చెప్పే మాటే బిడ్. మాస్టారు ఒక నో ట్రంప్ (తురుపు లేని ఆట) అన్నారు. నా కుడివైపు ఆయన రెండు ఇస్పేట్లు అన్నారు. ఆఠీను ఇస్పేటు కన్నా కింది రంగు, అయినా నేను దర్జాగా రెండు ఆఠీన్ల బిడ్ రాసి ఉన్న కార్డు పెట్టాను. “ఏమండీ, అది చాలదు” అన్నారు ఎదుటివాళ్లు. నాకు చెమటలు. గబుక్కున ఆ కార్డు తీసేసి పాస్ కార్డు పెట్టాను. డైరెక్టర్ అప్పటికి టేబుల్ దగ్గరికే రాలేదు.

ఆయన వచ్చాక తెలిసింది ఏం పోగొట్టుకున్నానో. ముందు నా ఎడమవైపు ఆటగాడిని అడుగుతారు, ఆ చిన్న బిడ్‌ని ఒప్పుకుంటారా అని. ఒప్పుకోకపోతే, అదే రంగులో సరిపోయే కనీస బిడ్‌కి, అంటే మూడు ఆఠీన్లకి, పెంచుకోవచ్చు. అలా చేస్తే మాస్టారికి ఏ అడ్డంకీ లేదు. మొదటి బిడ్ అర్థానికి దగ్గరగా ఉండే వేరే బిడ్ ఏదైనా ఉంటే దానికీ అంతే. అవేవీ కాకుండా మారిస్తే పార్ట్‌నర్ ఆ వేలం అయ్యేదాకా నోరు మూసుకుని పాస్ చెప్పాల్సిందే. ఎడమవైపు ఆయన ఒప్పుకోలేదు. నేను పెట్టిన పాస్ అలాగే నిలిచింది. పదిహేడు పాయింట్ల బలమైన చేతితో మాస్టారు మౌనవ్రతం పట్టారు.

పరిష్కారం: చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోండి. అంతే.

చెయ్యి జారి పక్క కార్డు బయటికి రావడం వేరు. అది వెంటనే చెప్తే, పార్ట్‌నర్ తన బిడ్ చెప్పకముందైతే మార్చుకోనిస్తారు. నాది చెయ్యి జారడం కాదు, బుర్ర జారడం.

సమస్య: ఆడిన రంగు ముక్క చేతిలో ఉండగానే తురుపు కొట్టడం

అందరికీ ఒకసారైనా తగిలే దెబ్బ ఇది, దీన్నే రివోక్ అంటారు. వాళ్ల కాంట్రాక్ట్ (వేలంలో నిలిచిన చివరి బిడ్) నాలుగు ఆఠీన్లు, అంటే పది ట్రిక్కులు తేవాలి. డైమను ఆడారు. నా దగ్గర లేదనుకుని చిన్న ఆఠీనుతో కొట్టి ట్రిక్ గెలిచాను, లోపల సంబరపడ్డాను కూడా. రెండు ట్రిక్కుల తర్వాత ఆఠీన్ల మధ్యలోంచి డైమను తొమ్మిది తొంగి చూసింది.

మా వైపు నుంచి తర్వాతి ట్రిక్‌లో ఒక్క ముక్క పడినా రివోక్ ఖాయమైపోతుంది. తప్పు చేసినవాడే ఆ ట్రిక్ గెలిస్తే ఆ ట్రిక్, దాంతోపాటు ఆ తర్వాత మా జంట గెలిచినవాటిలో ఇంకొకటి అవతలివాళ్లకి పోతాయి. అతను గెలవకపోతే, ఆ ట్రిక్‌తో మొదలుపెట్టి మా జంట ఒక్కటైనా గెలిచి ఉంటే ఒక్కటే పోతుంది. ఏదీ గెలవకపోతే మామూలుగా ఏమీ పోదు. మా లెక్కలో వాళ్లకి తొమ్మిది ట్రిక్కులు వచ్చాయి, ఒకటి తక్కువ. రెండు కలిపితే పదకొండు. ఓడించిన కాంట్రాక్ట్‌ని నేనే గెలిపించి పంపించాను.

కారణం సిగ్గుచేటైనంత చిన్నది: రెండు ఎర్ర రంగుల్ని పక్కపక్కన సర్దుకోవడం. మధ్యలో ఒక నల్ల రంగు పెట్టుకోండి. పార్ట్‌నర్ రంగు వేయనప్పుడు “లేవా?” అని అడిగే అలవాటు కూడా మంచిదే, డిఫెండర్లు (కాంట్రాక్ట్‌ని ఆపాల్సిన జంట) ఒకరినొకరు అలా అడగొచ్చు. తర్వాతి ట్రిక్‌లో మన వైపు ముక్క పడకముందే తప్పు దొరికితే సరైన ముక్క వేయనిస్తారు, మొదట వేసింది మాత్రం పెనాల్టీ కార్డుగా టేబుల్ మీద తెరిచి ఉంటుంది. రూలు ఒప్పుకున్న మొదటి అవకాశంలోనే దాన్ని ఆడాలి.

సమస్య: “మీరు ఆగారు” అంటే మోసం చేశామన్నట్టు వినపడటం

నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. మేం రెండు ఇస్పేట్లు అన్నాం, వాళ్లు మూడు ఆఠీన్లు. మాస్టారు ఫ్యాన్ వైపు చూస్తూ చాలాసేపు ఆలోచించి పాస్ అన్నారు. నేను మూడు ఇస్పేట్లు చెప్పి తొమ్మిది ట్రిక్కులు తెచ్చాను. మాకు స్కోరు 140. వాళ్లు డైరెక్టర్‌ని పిలిచారు.

ఆయన వేరే ఆటగాళ్లు కొందరికి నా ముక్కలు చూపించి, మీరైతే ఏం చెప్పేవారని అడిగి వచ్చారు. చాలామంది పాస్ అన్నారట. ఫలితాన్ని వాళ్ల మూడు ఆఠీన్లకి మార్చారు. మా 140 వాళ్ల 140 అయింది.

ఆ రాత్రంతా మండిపోయాను. తర్వాత అర్థమైంది. ఆలోచించడం తప్పు కాదు. కానీ అంతసేపు ఆలోచించారంటే ఏదో ఉందని నాకు తెలిసిపోయింది, అది బిడ్ వల్ల తెలిసింది కాదు, మౌనం వల్ల తెలిసింది. సమంజసమైన దారులు రెండున్నప్పుడు ఆ మౌనం చూపించిన దారి నేను తొక్కకూడదు. నా మనసులో ఏముందో ఎవరూ అడగలేదు, దొంగ అని ఎవరూ అనలేదు. పరిష్కారం చేదుగానే ఉంటుంది: పార్ట్‌నర్ ఆగి పాస్ చెప్తే, సందేహం ఉన్న చేతితో మీరూ పాస్ చెప్పండి. తేలిక బిడ్‌కీ కష్టమైన బిడ్‌కీ ఒకే వేగం పాటించడం ఇంకా మంచిది. మాస్టారికి ఈ మాట చెప్తే “ఏమయ్యా, నన్ను ఫ్యాన్ చూడనివ్వవా” అన్నారు.

ఇంకా చిన్నాచితకా

వంతు కాకుండా మొదటి ముక్క ఆడేశారా? డిక్లేరర్‌కి (కాంట్రాక్ట్ ఆడే ఆయనకి) అయిదు దారులు దొరుకుతాయి, అన్నీ ఆయనకి నచ్చినట్టే. మొదటి ముక్కని బోర్లా పెట్టండి. వంతు మీది కాకపోతే అప్పుడే ఎవరో ఒకరు చెప్తారు.

“మిగతావన్నీ నావే” అని ముక్కలు పరిచి, బయట ఒక తురుపు ఉందని మర్చిపోయారా? సందేహం మీకు వ్యతిరేకంగానే తేలుతుంది. “తురుపు తీసి” అనే రెండు మాటలు ముందు అనండి.

ఎదుటివాళ్లకి పార్ట్‌నర్ మీ బిడ్‌కి తప్పు అర్థం చెప్తే ముఖం చిట్లించకండి. కాంట్రాక్ట్ మీదైతే వేలం ముగిశాక, మొదటి ముక్క పడకముందు డైరెక్టర్‌ని పిలిచి సరిచేయండి. డిఫెన్స్‌లో ఉంటే ఆట పూర్తయ్యేదాకా ఆగాలి.

ముక్కలు తిప్పి చూసేముందు పదమూడు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.

స్కోరు తప్పుగా పడిందనిపిస్తే ఇరానీ చాయ్ తర్వాత చూద్దాంలే అనుకోకండి. నిర్వాహకులు వేరే గడువు పెట్టకపోతే, ఫలితాలు చూసుకోవడానికి పెట్టాక మీకుండేది 30 నిమిషాలే.