స్లడ్జ్ బెడ్లు ఎత్తే ముందు: వాసన పోయిందంటే దిగొద్దు

వానలు పడేలోపు డ్రయింగ్ బెడ్లు (మురుగు బురదను ఆరబెట్టే మడులు) ఖాళీ చేయాలని మే నెలలో ఎస్టీపీల్లో (మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో) హడావుడి పడతాం. ఎండిన బురదే కదా అనుకుంటాం. పైన పెచ్చు కట్టినా కింద తడి ఉంటుంది. గాలి తగలని ఆ తడిలో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పుడుతూనే ఉంటాయి. పారతో పెచ్చు లేపగానే అవి నేరుగా మొహానికి కొడతాయి. అందుకే గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి, కొద్దికొద్దిగా లేపండి. దగ్గర్లో బీడీ వెలిగించనివ్వకండి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం ఉంటే పేలడానికి నిప్పురవ్వ చాలు. వానకని షెడ్డు చుట్టూ టార్పాలిన్లు కట్టి ఉంటే ముందు అవి విప్పేయాలి.

హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్లిన కోడిగుడ్డు కంపు. ఒక్క పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో ఒక వంతు) లేకముందే ముక్కు పసిగడుతుంది. అదే 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి, ఏ వాసనా తెలియదు. "ఇందాకటి కంపు పోయిందన్నా, దిగుతా" అని కుర్రాడు అంటే నాకు గుండె ఆగినంత పని అవుతుంది. నమ్మాల్సింది ముక్కును కాదు, గ్యాస్ డిటెక్టర్‌ను. 10 పీపీఎంకి అలారం పెట్టుకోండి, మోగితే పని మధ్యలోనైనా వదిలేసి బయటికి రండి.

ఈ గ్యాస్ గాలికన్నా బరువు. స్లడ్జ్ సంపు (బురద చేరే గుంత) అడుగున చేరి కూర్చుంటుంది. అక్కడికి మనిషిని దించకండి, సక్షన్ లారీని పిలవండి. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు గ్యాస్‌ను ఆపదు. ఫిల్టర్ మాస్కు ఆక్సిజన్ ఇవ్వదు. లోపల ఒకరు పడిపోతే వెనకాలే ఇంకొకరు దూకడం వల్లే ఒకే సంపులో ఇద్దరు ముగ్గురు పోతున్నారు. అన్నదమ్ముడైనా సరే, దూకకండి. 101కి, 108కి ఫోన్ చేయండి, పైనుంచి బ్లోయర్‌తో గాలి కొట్టండి.

కంపు తగ్గుతుందని సున్నం చల్లితే అమ్మోనియా లేచి కళ్లు మండుతాయి. కళ్లద్దాలు పెట్టుకుని, ఆరుబయటే కలపండి.

ఫ్యాక్టరీ ఈటీపీ (ఫ్యాక్టరీ మురుగును శుద్ధి చేసే ప్లాంటు) బురదను మాత్రం ఈ బెడ్ల మీద పోయనివ్వకండి. సల్ఫైడ్ ఉన్న బురదకు యాసిడ్ తగిలితే క్షణాల్లో విషవాయువు వస్తుంది. సాల్వెంట్లు (కరిగించడానికి వాడే రసాయనాలు) ఉంటే ఎండకు ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అలాంటి బురదను మామూలుగా 90 రోజులకు మించి దగ్గర ఉంచుకోకూడదు. దుండిగల్, పరవాడల్లో ఉన్నలాంటి ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రాలకు పంపాలి.

రేపు పని మొదలెట్టే ముందు డిటెక్టర్ ఛార్జింగ్ ఒక్కసారి చూసుకోండి.