విమాన రాడార్ పాఠాలు – 4: నేల మీది వేగం

పోయిన పాఠంలో గాలితో పోల్చిన వేగానికీ, నేలతో పోల్చిన వేగానికీ తేడా చూశాం. ఎదురొచ్చే గాలి ఒత్తిడిని బట్టి వేగం చెప్పే పిటో గొట్టానికి తెలిసింది మొదటిదే. రెండోదాన్ని విమానంలోని రాడార్‌తో, కింద ఏ స్టేషన్ సాయమూ లేకుండా ఎలా రాబట్టాలో ఇప్పుడు లెక్క కడదాం. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

విమానం పొట్ట కింద ఉండే యాంటెన్నా ఒక కిరణాన్ని ముందుకు, ఏటవాలుగా నేలకేసి పంపుతుంది. తిరిగొచ్చే ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీ పంపినదాని కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. ఆ తేడాయే డాప్లర్ మార్పు.

మార్పు = 2 × వేగం × కోసైన్ (వాలు కోణం) ÷ తరంగదైర్ఘ్యం

పోయేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి మారుతుంది కాబట్టి ఆ 2.

ఈ పనికి 13.3 గిగాహెర్ట్జ్ ప్రాంతాన్ని వాడతారు. తరంగదైర్ఘ్యం 2.25 సెంటీమీటర్లు అనుకోండి. కిరణం 70 డిగ్రీలు కిందికి వాలి ఉంటే కోసైన్ 0.342. వేగం సెకనుకు 100 మీటర్లయితే మార్పు 3,040 హెర్ట్జ్. పంపింది 1,330 కోట్ల హెర్ట్జ్! అయినా పంపిన తరంగాన్నీ వచ్చినదాన్నీ కలిపితే ఆ తేడా విడిగా బయటపడుతుంది, లెక్కపెట్టడం తేలికే.

అసలు చిక్కు కోణంతో. ముక్కు ఒక్క డిగ్రీ పైకి లేస్తే కిరణం వాలు 69 అవుతుంది, మార్పు 3,186కి పెరుగుతుంది. వేగం మారకపోయినా రీడింగ్ దాదాపు 5 శాతం ఎక్కువ చూపిస్తుంది. దారి వెతుక్కోవడానికి ఇది పనికిరాదు.

అందుకే వెనక్కి చూసే ఇంకో కిరణం పెడతారు. అదే క్షణంలో దాని వాలు 71 అవుతుంది, ఫ్రీక్వెన్సీ 2,894 తగ్గుతుంది. ముందు పెరిగినదీ వెనక తగ్గినదీ కలిపి సగం చేయండి: మళ్లీ 3,040. విమానం పైకి ఎక్కుతున్నా, దిగుతున్నా ఆ నిలువు వేగం కూడా ఇందులోనే కొట్టుకుపోతుంది. దీన్ని జానస్ అమరిక అంటారు. నా లెక్కలో ఈ మొత్తం పద్ధతికి ప్రాణం ఇదే.

నీటి మీద మాత్రం జాగ్రత్త. అలలు లేని నీరు అద్దంలా కిరణాన్ని అవతలికి తోసేస్తుంది, ప్రతిధ్వని సరిగా రాదు. అలలున్న సముద్రం మీదైనా, కిరణంలో నిట్టనిలువుకు దగ్గరగా ఉన్న భాగం నుంచే ఎక్కువ బలంగా తిరిగొస్తుంది కనుక రీడింగ్ కొంచెం తక్కువ పడుతుంది. చాలా పరికరాల్లో నేల/సముద్రం స్విచ్ పెట్టింది ఇందుకే.

అభ్యాసం: పై రాడార్‌లోనే ముందు కిరణంలో పెరుగుదల 2,756, వెనక కిరణంలో తగ్గుదల 2,504 హెర్ట్జ్. గాలితో పోల్చిన వేగం గంటకు 360 కిలోమీటర్లు, గాలి సూటిగా ఎదురు నుంచే వీస్తోంది. ఆ గాలి వేగమెంత? ముక్కు పైకుందా, కిందికుందా? జవాబులు వచ్చే పాఠంలో, పక్కగాలి లెక్కతో పాటు.