దక్షిణ సూడాన్‌లో సహాయ విధులకు బయలుదేరే ముందు జాగ్రత్తలు

ముందు ఎల్లో ఫీవర్ టీకా. వేయించుకున్న 10 రోజుల తర్వాతే ఆ ధ్రువపత్రం చెల్లుతుంది, కాబట్టి టికెట్ కొన్నాక పరిగెత్తితే లాభం లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ ధ్రువపత్రాన్ని, అంటే పసుపు కార్డును, పాస్‌పోర్టుతోనే ఉంచండి, చెక్-ఇన్ పెట్టెలో కాదు.

మలేరియా అక్కడ ఏడాది పొడవునా ఉంటుంది. నివారణకు డాక్టరు డాక్సీసైక్లిన్ మాత్రలు రాస్తే ప్రయాణానికి 1-2 రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా 4 వారాలు వేసుకోవాలి. చాలామంది ఇంటికి రాగానే ఆపేస్తారు. జ్వరం అప్పుడే పట్టుకుంటుంది.

శాటిలైట్ ఫోన్ ఇక్కడి నుంచి పట్టుకెళ్లకండి. అనుమతి లేకుండా తురాయా, ఇరిడియం ఫోన్లు మన విమానాశ్రయాల్లో దొరికితే కేసే. అక్కడ సంస్థే ఇస్తుంది.

మిలటరీ రంగు, మచ్చల బట్టలు వద్దు. దూరం నుంచి చూసేవాడికి మీరు సైనికుడే. చెక్‌పోస్టు, వంతెన, విమానాశ్రయం ఫొటోలు అసలే వద్దు.

పరుగు సంచి, అంటే ఉన్నపళంగా బయటపడాల్సి వస్తే పట్టుకెళ్లేది, ఎప్పుడూ మంచం పక్కనే: పాస్‌పోర్టు, 3 రోజుల మందులు, నీళ్లు, ఓఆర్‌ఎస్, టార్చి, పవర్ బ్యాంక్, చిన్న డాలరు నోట్లు. పాత, చిరిగిన నోట్లు తీసుకోరు. మోసుకుంటూ పరిగెత్తలేనంత బరువైతే తగ్గించండి.

వానాకాలంలో మట్టిరోడ్లు మూసుకుపోతాయి, విమానమే దిక్కు. వాహనం దిగితే నడిచిన బాట దాటకండి, మందుపాతరలుంటాయి. అనుమానం వస్తే ఉన్నచోటే ఆగి, మిగతావాళ్లను అరిచి ఆపి, సాయం కోసం పిలవండి.

బీసేఫ్ (ఐక్యరాజ్యసమితి భద్రతా పాఠం) ఆన్‌లైన్ శిక్షణ బయలుదేరే ముందే పూర్తిచేయండి, రాజధాని జూబాలో నెట్‌ను నమ్ముకోలేం.