తూరు పతనం ప్రవచనం: యెహెజ్కేలు 26 దగ్గర ఇరుక్కుపోతే ఎలా చదవాలి

యెహెజ్కేలు 26 చదువుతుంటే చాలామందికి ఒక చోట కాలు అడ్డం పడుతుంది. బబులోను రాజు నెబుకద్రెజరు వచ్చి తూరు పట్టణాన్ని పడగొడతాడని, అది వట్టి బండగా మిగిలి వలలు ఆరేసుకునే చోటవుతుందని, మళ్లీ ఎవరూ కట్టరని అక్కడుంది. కానీ తూరు ఇప్పటికీ ఉంది, లెబనాన్‌లో సూర్ అనే పేరుతో, జనంతో, చేపల రేవుతో సహా. మరి ప్రవచనం తప్పిందా అని ఎవరైనా అడిగితే వాళ్ల విశ్వాసాన్ని అనుమానించకండి, అది అడగాల్సిన ప్రశ్నే.

ముందు తారీఖు చూడండి. యెహెజ్కేలు వేసే తారీఖులు ఎక్కువగా యెహోయాకీను రాజు చెరలోకి వెళ్లిన క్రీ.పూ. 597 నుంచి లెక్క. 26వ అధ్యాయం పదకొండో ఏటిది, అంటే యెరూషలేము కూలుతున్న రోజులు. ప్రవక్త అప్పటికే బబులోను దేశంలో చెరలో ఉన్నాడు. యెరూషలేము పడిపోయిందని తెలిసి తూరు సంబరపడింది, ఇక లాభమంతా మనదే అనుకుంది. రెండో వచనంలో ఉన్న ఈ సంగతి వదిలేస్తే మిగతాదంతా ఊరికే శాపనార్థాల్లా అనిపిస్తుంది.

తర్వాత పెన్సిల్ తీసుకుని, ఏ పని ఎవరు చేస్తారని ఉందో పక్కన రాసుకుంటూ వెళ్లండి. మూడో వచనంలో అలల్లా మీదికొచ్చేది అనేక జనాలు. 7 నుంచి 11 దాకా నెబుకద్రెజరు, అతని గుర్రాలు, ముట్టడి దిబ్బలు. 12లో మళ్లీ చాలామంది కనిపిస్తారు, రాళ్లనీ కలపనీ మట్టినీ నీళ్లలో వేసేది వాళ్లే. ప్రసంగాల్లో ఇక్కడే అలెగ్జాండర్ వస్తాడు: క్రీ.పూ. 332లో ఒడ్డున ఉన్న పాత తూరు రాళ్లతో, పట్టణం ఉన్న ద్వీపం దాకా సముద్రంలో కట్ట వేసి, ఏడు నెలలకు పట్టణాన్ని పట్టుకున్నాడు. ఆ కట్ట చుట్టూ ఇసుక మేట వేసి ద్వీపం నేలతో కలిసిపోయింది, ఇవాళ మ్యాప్‌లో చూసినా తెలుస్తుంది. పోలిక బలమైనదే, కానీ దయచేసి అక్కడితో ఆగిపోకండి, ఎందుకంటే దీని గురించి యెహెజ్కేలు పుస్తకమే ఇంకో మాట చెబుతుంది.

అది 29:17-20. ఇరవై ఏడో ఏడు, అంటే క్రీ.పూ. 571, పుస్తకంలో తారీఖు వేసిన మాటల్లో అన్నిటికంటే చివరిది. నెబుకద్రెజరు చేసిన తూరు ముట్టడి పదమూడేళ్లు సాగిందని పాతకాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. బబులోను సైనికుల తలలు బోడి అయిపోయాయి, మోతలు మోసి భుజాలు ఒరుసుకుపోయాయి, అయినా ఆ కష్టానికి తూరు నుంచి కూలి దక్కలేదు, అందుకు బదులుగా ఐగుప్తును ఇస్తున్నానని దేవుడు అంటాడు. ఆలోచించండి, అదే ప్రవక్త, అదే రాజు, అదే పట్టణం, అయినా 26ని ఎవరూ చెరిపేయలేదు, అనుకున్నంత జరగలేదని తెలిసి కూడా రెండు మాటలూ పక్కపక్కనే దాచి మనకు అందించారు. నాకు అలెగ్జాండర్ కట్ట కంటే ఈ నాలుగు వచనాలే ముఖ్యం.

ఇక "మళ్లీ కట్టరు" అన్న మాట. ఇవాళ ఉన్నది అసలు తూరు కాదు అని వాదించేవాళ్లున్నారు, అది నిలబడదు. నెహెమ్యా 13:16లో తూరువాళ్లు యెరూషలేములో చేపలు అమ్ముతున్నారు, అపొస్తలుల కార్యములు 21లో పౌలు తూరు శిష్యుల దగ్గర ఏడు రోజులు ఉన్నాడు. దానికంటే యిర్మీయా 18:7-10 తీసి చదవండి, ఒక జనాన్ని పడగొడతానని చెప్పిన మాట కూడా వాళ్లు మారితే మారుతుందని దేవుడే అంటాడు, యోనా పుస్తకంలో నీనెవె పట్టణం విషయంలో అదే జరిగింది. తూరు మారిందని మాత్రం ఎక్కడా లేదు, కాబట్టి దీంతో చిక్కు మొత్తం వీడిపోయిందని నేను చెప్పను. పట్టణాల నాశనం గురించి ప్రవక్తలు కవిత్వంలో, నిండు గొంతుతో మాట్లాడతారు, ఆ ధోరణి తెలియాలంటే యెషయా 13 కూడా చూడండి.

సండే స్కూల్లోనో బైబిల్ స్టడీలోనో ఇది చెప్పాల్సి వస్తే 26ని, 29:17-20ని ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి బయటికి చదివించండి, వివరణ ఆ తర్వాతే మొదలుపెట్టండి.