దసరా ఆఫర్లు మొదలయ్యేలోపే: షోరూమ్ కార్డు, ఓడీ బాకీ ఉన్నవాళ్లకు జాగ్రత్తలు

అప్పు లేనివాళ్లకు దసరా సేల్‌తో వచ్చే ముప్పు పెద్దగా ఏమీ లేదు. మహా అయితే అక్కర్లేని మిక్సీ ఒకటి ఇంటికొస్తుంది. ఇది రాస్తున్నది ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లయి, షోరూమ్‌లో అంటగట్టిన క్రెడిట్ కార్డు మీద కొంత, జీతం ఖాతాకు బ్యాంకు ఇచ్చిన ఓవర్‌డ్రాఫ్ట్‌లో (ఓడీ, అంటే ఖాతాలో డబ్బు అయిపోయినా ఒక లిమిట్ దాకా వాడుకోనిచ్చే అప్పు) కొంత బాకీ పడ్డవాళ్ల కోసం. కూకట్‌పల్లిలోనో అమీర్‌పేటలోనో హాస్టల్లో ఉంటూ, ముప్ఫై వేల పైచిలుకు జీతం తెచ్చుకుంటూ, ఇరవయ్యో తారీఖుకల్లా చేతులెత్తేసేవాళ్లు హైదరాబాద్‌లో తక్కువేం కాదు. బతుకమ్మకు ఊరెళ్లాలి, అమ్మకు చీర, నాన్నకు ఫోను, ఆ వెంటనే ధనత్రయోదశి, దీపావళి. మామూలు నెలల్లో ఎలాగో నెట్టుకొచ్చిన బాకీ చెయ్యి దాటిపోయేది ఈ రెండు నెలల్లోనే.

ముందుగా వడ్డీని మన ఇళ్లలో లెక్కేసే పద్ధతిలోకి మార్చుకోండి. ఊళ్లో ఎవరైనా నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నాన్న మొహం చిట్లిస్తాడు. మూడు రూపాయలంటే ఆ గడప తొక్కొద్దంటాడు. క్రెడిట్ కార్డు బాకీ మీద చాలా బ్యాంకులు వేసేది నెలకు మూడున్నర శాతం, కొన్ని అంతకంటే ఎక్కువ. అంటే మూడున్నర రూపాయల వడ్డీ. దానిపైన 18 శాతం జీఎస్టీ. బాకీ 40,000 ఉందనుకోండి. నెల వడ్డీ 1,400, జీఎస్టీ 252, వెరసి 1,652. బిల్లులో మినిమమ్ డ్యూ, అంటే ఈ నెలకు కనీసం కట్టాల్సింది, 2,000 అని ఉంటుంది. కట్టేసి హమ్మయ్య అనుకుంటారు. అసలులో తగ్గింది 348 రూపాయలు. ఆ రాత్రి అదే కార్డుతో ఒక ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ తెప్పించుకుంటే ఆ తగ్గింపూ ఎగిరిపోతుంది. మినిమమ్ మాత్రమే కడుతూ పోతే బాకీ నెలలూ ఏళ్లూ సాగుతుందని బిల్లు మీద హెచ్చరిక వేయాలని 2022 నాటి ఆర్‌బీఐ కార్డు నిబంధనల్లో ఉంది. బ్యాంకులు వేస్తూనే ఉన్నాయి. మన కన్నే అక్కడిదాకా పోదు.

ఇంకో మెలిక ఉంది. పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. గీకిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. సేల్‌లో 'ఈ కార్డు మీద 10 శాతం ఇన్‌స్టంట్ డిస్కౌంట్' అంటారు కదా, బాకీ ఉన్నవాడికి ఆ పది శాతాన్ని వడ్డీ, జీఎస్టీ కలిసి మూడు నెలలు తిరక్కుండానే మింగేస్తాయి. ఇక కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయడం గురించి చెప్పేదేముంది, ఫీజూ వడ్డీ రెండూ మొదటి రోజు నుంచే. వద్దంతే.

ఓడీది వేరే రోగం. వడ్డీ తక్కువే. ఏడాదికి 15 శాతం అనుకుంటే నూటికి రూపాయి పావలా. అదీ వాడుకున్న మొత్తానికి, వాడుకున్నన్ని రోజులకే. అందుకే నొప్పి తెలియదు. లిమిట్ 60,000, మొత్తం వాడేశారు, జీతం 34,000 అనుకుందాం. ఒకటో తారీఖున జీతం పడగానే ఖాతా మైనస్ 60,000 నుంచి మైనస్ 26,000కు వస్తుంది. యాప్ తెరిస్తే మాత్రం 'అందుబాటులో ఉన్న మొత్తం 34,000' అని కనిపిస్తుంది. సరిగ్గా జీతమంతే! అది చూసి జీతం చేతికొచ్చిందనుకుంటాం. నిజానికి జీతం పడ్డ క్షణంలోనే పాత బాకీలో కలిసిపోయింది, ఆ 34,000 మళ్లీ కొత్తగా తీసుకోబోయే అప్పు. అద్దె, మెస్, మెట్రో, ఆఖరికి కార్డు మినిమమ్ డ్యూ కూడా అందులోంచే పోతాయి. ఆటోపే ఏదీ ఫెయిలవదు కాబట్టి ఫోనుకు ఒక్క చెడ్డ మెసేజ్ కూడా రాదు. నన్నడిగితే కార్డు కంటే ఇదే ప్రమాదం. కార్డు కనీసం నెలకోసారి బిల్లు పంపి గుర్తుచేస్తుంది.

సేల్‌కు నెల ముందు చేయాల్సినవి

ఒక కాగితం మీద బాకీలన్నీ రాయండి: ఎవరికి, ఎంత, నూటికి ఎన్ని రూపాయలు, ఏ తారీఖు. మరిచిపోయినవి బయటపడాలంటే మీ పేరున ఉన్న అప్పులన్నీ చూపే క్రెడిట్ రిపోర్టు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఫైనాన్స్ కంపెనీ ఈఎమ్ఐ కార్డు మీద కొన్న ప్రతి వస్తువూ అందులో వేర్వేరు లోనుగా కనిపిస్తుంది. ఇయర్‌ఫోన్లకు ఒక లోను, కూలర్‌కు ఒక లోను. చూస్తే కాస్త సిగ్గేస్తుంది కానీ పని జరుగుతుంది.

తర్వాత, వేరే బ్యాంకులో జీరో బ్యాలెన్స్ ఖాతా ఒకటి తెరవండి. జీతం పడిన రోజే అద్దె, తిండి, ప్రయాణం డబ్బులు అందులోకి పంపి, నెలంతా ఆ ఖాతాతోనే బతకండి. ఓడీ ఖాతా డెబిట్ కార్డు అల్మారాలో పెట్టేయండి. దీనితో బాకీ తగ్గదు, నిజమే. కానీ ఆ 34,000 అనే భ్రమ పోతుంది. అలాగని జీతాన్నే వేరే బ్యాంకుకు మళ్లించి ఓడీని గాలికొదిలేయకండి, అది ఎగవేతలోకి వస్తుంది. బ్రాంచికి వెళ్లి, లిమిట్ నెలనెలా తగ్గుతూ పోయే డ్రాప్‌లైన్ ఓడీగా మార్చమనో, బాకీని కిస్తీల లోనుగా చేయమనో అడగండి. ఫోన్లో అడిగితే కొత్త పర్సనల్ లోను అమ్మే ప్రయత్నం చేస్తారు. మనిషి ఎదురుగా కూర్చుని, అర్జీ రాసిచ్చి, దాని కాపీ మీద స్టాంపు వేయించుకోవడం మంచిది.

కార్డుకు మూడున్నర రూపాయలు, ఓడీకి రూపాయి పావలా కాబట్టి, ఓడీలోంచి తీసి కార్డు కట్టేస్తే పోలా అని ఎవరికైనా తోస్తుంది. లెక్క ప్రకారం ముమ్మాటికీ సరే. కట్టిన రోజే కార్డు రద్దుకు అర్జీ పెట్టేంత గట్టి మనసుంటేనే ఆ పని చేయండి. లేదంటే దీపావళికల్లా ఓడీ నిండుగా, కార్డూ నిండుగా ఉంటాయి. ఇంట్లో బంగారం ఉండి అమ్మ ఒప్పుకుంటే బ్యాంకులో కుదువ పెట్టి కార్డు తీర్చడానికీ ఇదే షరతు. చిట్టీ నడుస్తోందా? పండగ ముందు అందరికీ డబ్బు అవసరమే కాబట్టి పాట గట్టిగా పోతుంది. ఎంత వదులుకుంటున్నారో, కార్డు వడ్డీ ఎంత మిగులుతుందో పక్కపక్కన వేసి చూసుకుని అప్పుడు పాడండి.

ఇక తలుపులు మూసే పని. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్తే ఆన్‌లైన్, కాంటాక్ట్‌లెస్, విదేశీ లావాదేవీలను విడివిడిగా ఆపేసే మీటలుంటాయి. 2020 నుంచి ఆర్‌బీఐ ఆదేశం ప్రకారం ప్రతి కార్డుకూ ఉండాల్సిన సదుపాయమిది. ఆన్‌లైన్ మీట ఆపేయండి. షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డులన్నీ తీసేయండి. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి ఉంటే అసలు జాగ్రత్త అక్కడే పడాలి. ఇరానీ హోటల్లో చాయ్ తాగి స్కాన్ చేసిన ముప్ఫై రూపాయలు కూడా మూడున్నర రూపాయల వడ్డీకి పోతున్నాయేమో చూడండి. డిఫాల్ట్‌గా పొదుపు ఖాతాను పెట్టుకోండి, వీలైతే ఆ కార్డును యూపీఐ నుంచే తీసేయండి. ఆటోపే జాబితా కూడా ఓసారి తిరగేయండి, చూడని ఓటీటీ ఒకటైనా దొరుకుతుంది.

బిల్లు గడువు ఇరవయ్యో తారీఖు ప్రాంతంలో పడుతుంటే బిల్లింగ్ సైకిల్ మార్చమని అడగండి. కనీసం ఒక్కసారైనా మార్చుకునే వీలు ఇవ్వాలని నిబంధన ఉంది. జీతం పడ్డాక అయిదారు రోజుల్లో గడువు వచ్చేలా చూసుకోండి.

షోరూమ్‌లో అడుగుపెట్టాక

ఇంత చేసినా నాన్నకు ఫోను కొనక తప్పదనుకుందాం. బిల్లింగ్ కౌంటర్ పక్కనే ఫైనాన్స్ టేబుల్, టీషర్టు వేసుకున్న కుర్రాడు. 'అన్నా, నంబర్ చెప్పు, లిమిట్ చూస్తా' అంటాడు. ట్యాబ్‌లో టకటకా కొట్టి, 'లక్షా ఇరవై ఉందన్నా నీకు!' అంటాడు, లాటరీ తగిలినట్టు. ఒక ఓటీపీ వస్తుంది, చెప్తారు. ఇంకొకటి వస్తుంది. 'అది కూడా చెప్పన్నా, ప్రాసెస్ అంతే.' ఆగాల్సింది అక్కడే. మొదటిది లోనుకు కావచ్చు. రెండోది ఎక్స్‌టెండెడ్ వారంటీకో, స్క్రీన్ ఇన్సూరెన్సుకో, కొత్త కార్డు జాయినింగ్ ఫీజుకో కావచ్చు. ఏ సమ్మతికి ఆ ఓటీపీయో మెసేజ్‌లోనే రాసి ఉంటుంది. వెనకాల క్యూ ఉన్నా, కుర్రాడు తొందరపెట్టినా, చదివేదాకా నోరు విప్పకండి. పాపం అతనికీ టార్గెట్లుంటాయి, అతని మీద అరవాల్సిన పని లేదు. 'వారంటీ వద్దు తమ్ముడూ, అది తీసేసి ఈఎమ్ఐ ఎంతో చెప్పు' అంటే చాలు, నెలకు వందో రెండొందలో తగ్గడం మీ కళ్లముందే కనిపిస్తుంది.

లోను షరతులన్నీ ఒకచోట రాసిచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడగండి. 2024 అక్టోబరు 1 నుంచి వ్యక్తులకిచ్చే కొత్త కిస్తీ లోన్లకు ఇది తప్పనిసరి. ఫీజులన్నీ కలుపుకొని ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, అంటే తెలుగులో ఇమ్మని అడిగే హక్కు మీకుంది. అందులో రాయని ఛార్జీని తర్వాత మీ సమ్మతి లేకుండా వేయకూడదు. ఏడు రోజులు, అంతకు పైబడిన లోనుకైతే ఆ షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లాలి. కాగితం ఇంటికి తెచ్చుకుని, రాత్రి అన్నం తిన్నాక చదివి, మర్నాడు వెళ్లొచ్చు.

'నో కాస్ట్ ఈఎమ్ఐ' పేరు విని మెత్తబడొద్దు. సున్నా వడ్డీ అనేదే లేదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. సాధారణంగా వడ్డీకి సరిపడా సొమ్మును డిస్కౌంటుగా చూపిస్తారు. క్రెడిట్ కార్డు మీదైతే ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే. రొక్కం ఇస్తే ఎంతకిస్తారో కూడా అడగండి. ఫోన్లమ్మే జగదీశ్ మార్కెట్లో ఆ ధర వేరేగా ఉంటే ఆశ్చర్యపోకండి.

షోరూమ్ పేరున్న కార్డయినా ఇచ్చింది బ్యాంకో, కార్డు కంపెనీయో. షోరూమ్ పని దాన్ని అమ్మిపెట్టడం వరకే. బిల్లు తప్పు పడితే కస్టమర్ కేర్ కౌంటర్ దగ్గర గొంతు చించుకుని లాభం లేదు, ఫిర్యాదు కార్డు ఇచ్చినవాళ్లకే రాయాలి.

కిస్తీ తప్పేలా ఉంటే

గడువు దాటిన మూడు రోజుల్లోపు కట్టేస్తే కార్డుపై లేట్ ఫీజు వేయకూడదు, క్రెడిట్ బ్యూరోకు బాకీదారుగా పంపకూడదు. మూడు రోజులు దాటినా, ఫీజు మిగిలిన బాకీ మీదే వేయాలి, మొత్తం బిల్లు మీద కాదు. ఈఎమ్ఐ ఆటో డెబిట్ బౌన్సయితే అటు ఫైనాన్స్ కంపెనీ, ఇటు మీ బ్యాంకు రెండూ ఛార్జీ వేస్తాయి. కాబట్టి డబ్బు లేదని ముందే తెలిస్తే ముందే ఫోన్ చేసి, ఆ మాట ఈమెయిల్లో కూడా పెట్టండి.

ఈ సమయంలోనే 'అయిదు నిమిషాల్లో లోను' యాప్‌లు కనబడతాయి. 2020 డిసెంబరులో ఆత్మహత్యలు జరిగాక హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అలాంటి యాప్‌ల కాల్ సెంటర్ల మీద పడి అరెస్టులు చేసిన సంగతి ఈ ఊరివాళ్లు మరిచిపోకూడదు. లోను యాప్ మీ కాంటాక్టులు, ఫొటోలు, కాల్ లాగ్ తీసుకోవడానికి వీల్లేదు. అనుమతి అడిగిందంటే అక్కడికక్కడే తీసేయండి. బెదిరింపులు, మార్ఫింగ్ ఫొటోలు మొదలైతే ఇంకో అప్పు చేసి కట్టొద్దు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రాత్రిళ్లు నిద్రపట్టక చెడ్డ ఆలోచనలు వస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

బ్యాంకు తరఫు రికవరీ ఏజెంటైనా ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు, ఇంట్లోవాళ్లను, స్నేహితులను వేధించకూడదు. కాల్ రికార్డు చేసి బ్యాంకుకు ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా సరిగా లేకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. సైఫాబాద్‌లోని ఆర్‌బీఐ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు, ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ సీఎంఎస్ పోర్టల్లో ఉచితంగా పెట్టొచ్చు, సందేహాలకు 14448. 'సగం కట్టు, సెటిల్ చేస్తాం' అంటే వెంటనే ఎగిరి గంతేయకండి. రిపోర్టులో 'సెటిల్డ్' అని పడితే రేపు ఇంటి లోనుకు అడ్డొస్తుంది. పూర్తిగా కట్టలేమని తేలిపోయినవాళ్లకు మాత్రం అదీ ఒక దారే, షరతులు కాగితం మీద ఇస్తేనే.

ఇంట్లో చెప్పాలా వద్దా అంటే, చెప్పాలనే అంటాను. సేల్‌కు ముందే. ఈసారి చీర తేలేనని ఫోన్లో ఇప్పుడే చెబితే అమ్మ రెండు నిమిషాలు నొచ్చుకుని, టైముకు తిను అంటుంది.

కార్డు బాకీ తీరిన రోజున రద్దు అర్జీ ఈమెయిల్లో పెట్టి, తారీఖు రాసుకోండి. బాకీ ఏమీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి. దాటితే రోజుకు 500 చొప్పున బ్యాంకే మీకు కట్టాలి. 'లైఫ్‌టైమ్ ఫ్రీ చేస్తాం సార్' అని ఫోన్లు వస్తాయి, వద్దని పెట్టేయండి. బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ లెటర్ తీసుకుని, ఓ నెల ఆగి క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా 'క్లోజ్డ్' అని పడిందో లేదో చూసుకోండి.